టీవీ గేము, మా అబ్బాయి, నేను

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఫౌజీ కుటుంబాలూ, మారుతున్న కాలమూ అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. నేను చదివింది ఇంటర్మీడియట్. ఆ తర్వాతి చదువంతా జబల్‌పూర్ సిగ్నల్ ట్రైనింగ్ సెంటర్లోనే. ఉపన్యాసాలు నాకు అలవాటు లేదు. ఇచ్చిన మెసేజిని ఇచ్చినట్టు అవతలికి చేర్చడం ఒక్కటే ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. అందుకని రాయ్‌పూర్ మోవాలో మా ఇంట్లో జరిగిన ఒక సంగతిని జరిగినట్టు చెబుతాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మాది విజయనగరం జిల్లా. మా మామగారు రైల్వేలో పనిచేసి రాయ్‌పూర్‌లో స్థిరపడ్డారు. నేను ఫీల్డ్ ఏరియాలో ఉన్నప్పుడల్లా మా ఆవిడ, పిల్లవాడు ఆయన దగ్గరలోనే మోవాలో అద్దె ఇంట్లో ఉండేవారు. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగిన సంగతి మీకు తెలుసు. ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది. మా యూనిట్ రాజస్థాన్ సరిహద్దుకి కదిలింది. వెనక్కి రావడానికి పది నెలలు పట్టింది. మీలో చాలామంది అక్కడే ఎక్కడో ఇసుకలో ఉండి ఉంటారు.

2002 నవంబర్‌లో లీవు దొరికి ఇంటికి వచ్చాను. మావాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. నేను బూట్లు విప్పకముందే చెయ్యి పట్టుకుని టీవీ దగ్గరికి లాక్కెళ్ళాడు. టీవీ ముందు ఒక నల్ల డబ్బా, దానికి రెండు జాయ్‌స్టిక్‌లు, పైన గుచ్చిన పసుపురంగు క్యాసెట్. తాతగారు కొనిపెట్టారట. "నాన్నా, నీలం ప్యాంటు వాడు నేను. ఎర్ర ప్యాంటు వాడు నువ్వు. నీకోసం రెండో జాయ్‌స్టిక్ ఎవరికీ ఇవ్వలేదు" అన్నాడు. తెర మీద ఇద్దరు సోల్జర్లు అడవిలో తుపాకులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

నేను ఆ ముందురోజే మార్కుల కాగితం గురించి విని ఉన్నాను. లెక్కల్లో నూటికి ముప్ఫై ఒకటి. పైగా పది నెలలు అసలు తుపాకుల మధ్య ఉండి వచ్చినవాణ్ణి. "నేను అక్కడ ఎండలో మాడుతుంటే నువ్విక్కడ బొమ్మ తుపాకులు కాలుస్తున్నావా? ఇదేనా నీ జీవిత లక్ష్యం?" అన్నాను. డబ్బా, తీగలు, క్యాసెట్ అన్నీ చుట్టి నా నల్ల ట్రంకులో పెట్టి తాళం వేశాను. వాడు ఏడవలేదు. పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాడు. నేను క్రమశిక్షణ నేర్పాననుకున్నాను. లీవు అయిపోయింది, వెళ్ళిపోయాను. తాళం చెవి నాతోనే వచ్చింది.

ఆ ఆట పేరు కాంట్రా. పెద్దలకోసం రెండు ముక్కలు చెబుతాను. జపాన్‌కు చెందిన కొనామి కంపెనీ 1987లో బజార్లలో నాణెం వేసి ఆడే మెషీన్లకు దాన్ని తయారుచేసింది. 1988లో ఇళ్ళలో టీవీకి తగిలించుకునే నింటెండో డబ్బాకు వచ్చింది. మన దేశంలో అసలు నింటెండో ఎంతమంది కొన్నారు గనక! మనకు వచ్చినవి ఎక్కువగా దాని నకళ్ళే. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది, లోపల చూస్తే అవే కొన్ని ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. కాంట్రాలో ఎనిమిది స్టేజీలు. ఒక్క బుల్లెట్ తగిలితే మనిషి పోతాడు. ఉండేవి మూడు లైఫ్‌లు. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తర్వాత బి, ఎ నొక్కి మొదలుపెడితే ముప్ఫై లైఫ్‌లు వస్తాయి. ఆ కిటుకును కజుహిసా హషిమొటో అనే ఆయన 1986లో గ్రేడియస్ అనే వేరే ఆటకు పెట్టుకున్నాడు. ఆట తనకే కష్టంగా ఉండి, పరీక్షించుకోవడానికి పెట్టుకున్నాడట. ఆయన 2020లో పోయారు. మనమంతా రైఫిల్ విప్పి జోడించడం ఎలా కంఠస్థం చేశామో, ఒక తరం పిల్లలు ఆ వరసను అలా కంఠస్థం చేశారు.

ఇక 2025 దసరా సంగతికి వస్తాను. మావాడు ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పండక్కి మోవా వచ్చాడు. నా సర్వీసు కాగితం ఒకటి కావలసి వచ్చి అటక మీది ట్రంకు దించాం. నంబరు, ర్యాంకు, పేరు తెల్ల రంగుతో రాసిన ఆ ట్రంకు మీకందరికీ ఉన్నదే. అడుగున పాత అంగోలా షర్టు కింద ఆ డబ్బా బయటపడింది. ఇరవై మూడేళ్ళు. నాకు నోట మాట రాలేదు. వాడు మాత్రం నవ్వుతూ, "ఇది పనిచేస్తే సాయంత్రం లైవ్ పెడతాను" అన్నాడు.

క్యాసెట్ గుచ్చితే తెరంతా చారలు. వాడు క్యాసెట్లోకి ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నాడు. నేను ఆపాను. నోటి తడి తగిలితే కాంటాక్టులు ఇంకా చెడతాయి. రేడియో సెట్టుకు చేసినట్టే దూదితో స్పిరిట్ పెట్టి తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ గుచ్చాను. బొమ్మ వచ్చింది. ఆ డబ్బా విషయంలో నేను చేసిన మొదటి మంచిపని అదే.

లైవ్ అంటే క్రికెట్ మ్యాచ్ టీవీలో వచ్చినట్టే. వాడు ఆడుతుంటే యూట్యూబ్‌లో ఎక్కడెక్కడివాళ్ళో చూస్తారు. తేడా ఏమిటంటే, చూసేవాళ్ళు తెర పక్కన ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు, ఆడేవాడు దాన్ని చదువుతూ జవాబిస్తూ ఉంటాడు. ఆ రోజు చూసినవాళ్ళు అరవై మందికి మించలేదు. వాడి ఆఫీసు స్నేహితులు, మోవాలో వాడితో చదువుకున్నవాళ్ళు, మా బంధువుల పిల్లలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు. సగం తెలుగు, సగం హిందీ. నేను పక్క కుర్చీలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ రాతలు చదవడం మొదలుపెట్టాను. సిగ్నల్స్ వాణ్ణి, వచ్చే ట్రాఫిక్ చదవకుండా ఉండలేను.

ఒక అరగంట చదివాక నాకు కొన్ని విషయాలు తెలిశాయి.

మొదటిది, ఆట గురించి రాసేవాళ్ళు తక్కువ. ఎస్ గన్ తీసుకో, వంతెన పేలుతుంది దూకు అని నలుగురైదుగురు రాస్తారు. మిగిలినవాళ్ళు రాసేది ఎవరితో ఆడారో. గంటకు ఇంత అని డబ్బు కట్టి వీడియో గేమ్ షాపులో ఆడామని ఒకడు. మొదటి స్టేజీ మ్యూజిక్ వినగానే చనిపోయిన అన్నయ్య గుర్తొచ్చాడని ఇంకొకడు. ఏడో స్టేజీలో కరెంటు పోయి ఏడ్చిన సంగతి ఒకమ్మాయి. ఆట ఒక్కటే, దాని వెనక ఎవరి ఇల్లు వారిది.

రెండోది, ఆలస్యం. ఇక్కడ జరిగింది అవతలివాళ్ళకు చేరడానికి కొన్ని సెకన్లు పడుతోంది. వాళ్ళు పైన తుపాకీ ఉంది జాగ్రత్త అని రాసేసరికి మావాడి సోల్జర్ చచ్చి, మళ్ళీ పుట్టి, ముందుకెళ్ళిపోతున్నాడు. నాకు మన ఉత్తరాలు గుర్తొచ్చాయి. పిల్లవాడికి యూనిట్ టెస్టులని ఇంటి నుంచి రాస్తే అది ఎ.పి.ఓ. నంబరు పట్టుకుని ఎక్కడెక్కడో తిరిగి నాకు చేరేది. బాగా చదువుకో, లెక్కలు జాగ్రత్త అని నేను జవాబు రాసేవాణ్ణి. అది మోవా చేరేసరికి టెస్టులయిపోయి మార్కులు కూడా వచ్చేసేవి. సలహా మంచిదే, చేరే టైముకే పనికిరాకుండా పోయేది.

మూడోది, రోజర్. రేడియో నెట్‌లో మెసేజి పంపినవాడికి అవతలి నుంచి 'రోజర్' వినపడేదాకా మనసు నిలవదు. ఇక్కడా అంతే. మావాడు ఎవరి రాతనైనా పైకి చదివితే చాలు, ఆ మనిషి వెంటనే ఇంకో రెండు ముక్కలు సంతోషంగా రాస్తాడు. వాళ్ళకు కావలసింది తమ మాట అందిందన్న కబురు.

ఇదేదో మా ఇంట్లో వింత కాదు. తర్వాత మావాడు చెప్పిన రెండు పెద్ద సంగతులు మీకూ చెబుతాను. 2014 ఫిబ్రవరి 12న ట్విచ్ అనే సైటులో ఒకాయన పోకెమాన్ అనే పాత ఆటను లైవ్ పెట్టాడు. ఆడేవాడు లేడు. చూసేవాళ్ళు పక్కన ఎడమ, కుడి, పైకి అని రాస్తే ఆ ప్రకారం ఆటలో మనిషి కదులుతాడు. పదకొండు లక్షలకు పైగా జనం అందులో చెయ్యి కలిపారు. ఒక దశలో ఒకేసారి లక్షా ఇరవై వేలమంది ఉన్నారు. కంట్రోల్ స్టేషన్ లేని నెట్ మీద లక్షమంది ఒకేసారి మాట్లాడితే ఎలా ఉంటుందో సిగ్నల్స్ వాళ్ళు ఊహించుకోవచ్చు. పైగా అక్కడా ఆలస్యమే. చిన్న గట్టు దాటడానికి గంటలు పట్టేవట. అయినా 16 రోజుల్లో, మార్చి 1 నాటికి ఆట పూర్తిచేశారు. జనం చివరిదాకా వదలలేదంటే గెలుపు కోసం మాత్రమే కాదు, కలిసి ఉండటం కోసం అని నాకనిపించింది.

రెండోది టెట్రిస్ సంగతి. పైనుంచి ఇటుకలు పడుతుంటే పేర్చుకునే ఆట. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశాడు. 1989లో నింటెండోకు వచ్చిన టెట్రిస్‌ను చివరిదాకా ఆడి, ఇక మెషీనే ఆగిపోయే స్థితికి తెచ్చిన మనిషి 34 ఏళ్ళపాటు లేడు. 2023 డిసెంబర్ 21న అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రపు 13 ఏళ్ళ కుర్రాడు 157వ లెవెల్‌లో ఆ పని చేశాడు. ఆ వీడియో 2024 జనవరి మొదట్లో లోకమంతా చూసింది. ఆట తయారుచేసిన పజిత్నోవ్ స్వయంగా అభినందించాడు. అదే సమయంలో బ్రిటన్‌లో టీవీ వార్తలు చదివే ఒకావిడ, ఒక తల్లిగా చెబుతున్నాను, తెర వదిలి బయటికి పోయి గాలి పీల్చుకో, టెట్రిస్ గెలవడం జీవిత లక్ష్యం కాదు అనే అర్థంలో మాట్లాడింది. చాలామంది ఆమెను తప్పుపట్టారు. నేను ఆమెను ఏమీ అనలేను. 2002లో నా నోట వచ్చినవీ ఆ మాటలే. కానీ ఒక సంగతి వినండి. ఆ కుర్రాడి తండ్రి ఆ డిసెంబర్‌లోనే చనిపోయాడు. ఆ గెలుపును కుర్రాడు తండ్రికి అంకితమిచ్చాడు. తెర ముందు కూర్చున్న పిల్లవాడి మనసులో ఏముందో వెనక నిలబడ్డవాళ్ళకు తెలియదు.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. మూడో స్టేజీ జలపాతం దగ్గర ఉండగా ఎవరో అడిగారు, రెండో జాయ్‌స్టిక్ ఖాళీగా ఉందేం, సెకండ్ ప్లేయర్ ఎవరు అని. మావాడు తెర మీది నుంచి చూపు తిప్పకుండా, "సెకండ్ ప్లేయర్‌కి ఇంకా లీవు దొరకలేదు" అన్నాడు. అరవై మందీ నవ్వే బొమ్మలు పెట్టారు. వాడూ నవ్వాడు. చిన్నప్పుడు స్నేహితులు ఆ జాయ్‌స్టిక్ అడిగితే వాడు చెప్పిన జవాబు అదేనట. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నుంచి నా వంక చూసింది.

నేను కుర్చీ జరుపుకుని ఆ జాయ్‌స్టిక్ తీసుకున్నాను.

నా ఆట గురించి ఎక్కువ చెప్పను. మావాడు మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు, ముప్ఫై లైఫ్‌ల కిటుకు కూడా కొట్టాడు. నేను ప్రతి బుల్లెట్‌కీ లేట్ పొజిషన్ తీసుకున్నాను. ఆ ఆటలో పడుకుంటే బుల్లెట్ పైనుంచి పోతుంది, మన ట్రైనింగ్ అక్కడ కొంత అక్కరకొచ్చింది. చూసేవాళ్ళకు అది తెగ నచ్చింది. అంకుల్ నిజం ఫౌజీ అని ఒకరు, అంకుల్‌కి ఇంకో ముప్ఫై ఇవ్వండి అని ఒకరు. ఆ జలపాతం దగ్గర ఇద్దరూ పైకి ఎక్కాలి. ముందువాడు ఆగకుండా ఎక్కితే తెర పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు తెర కిందపడి చస్తాడు. నేను అక్కడ ఆరుసార్లు చచ్చాను. ఏడోసారి చూస్తే వాడు పైన ఒక రాతి గట్టు మీద ఆగి నిలబడి ఉన్నాడు. బుల్లెట్లు వస్తుంటే గెంతుతున్నాడు గాని పైకి ఎక్కడం లేదు. అలాగే వదిలేసి పొమ్మని చూసేవాళ్ళలో కొందరు రాశారు. వాడు పోలేదు. నేను గట్టు ఎక్కాక కలిసి వెళ్ళాం. ఐదో స్టేజీ మంచులో నా ముప్ఫై అయిపోయాయి.

ఆ సాయంత్రమే ఇంకొకటి జరిగింది, సర్వీసులో ఉన్న తమ్ముళ్ళు గమనించాలి. నేను ఫౌజీనని తెలిశాక ఒక పిల్లవాడు రాశాడు, మా నాన్న కూడా ఆర్మీ అని. అంతటితో ఆగకుండా ఏ యూనిట్, ఇప్పుడు ఎక్కడున్నారు, ఎప్పుడు కదులుతారు అన్నీ రాసేశాడు. నేను నోరు తెరిచేలోగా మావాడు ఆట ఆపి ఆ రాతను తీసేశాడు. "బాబూ, నాన్నగారి గురించి ఇక్కడ ఎవరికీ చెప్పకూడదు. ఆయన క్షేమంగా ఉన్నారు కదా, అది చాలు" అని నెమ్మదిగా చెప్పి మళ్ళీ ఆట మొదలుపెట్టాడు. వాడికి ఇది ఎవరు నేర్పారు? నేను కూర్చోబెట్టి నేర్పలేదు. ఎక్కడున్నావని ఫోన్లో అడగకూడదని వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుని ఉంటాడు. ఆట ఆడేవాడికి బాధ్యత తెలియదనుకున్న నా అభిప్రాయం ఆ నిమిషంలో పోయింది.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "ట్రంకులో పెట్టి తాళం వేసినందుకు నామీద కోపం ఉందా?" అన్నాను. మావాడు కాస్త ఆలోచించి, "తాళం వేసినందుకు లేదు నాన్నా. ఆ ఏడాది లెక్కల్లో నిజంగానే మార్కులు పెరిగాయి. ఒక్క ఆట ఆడి వేసి ఉంటే బాగుండేది" అన్నాడు.

నాకు సర్వీసులో మెడల్స్ వచ్చాయి, సి.ఓ. సాబ్‌ల మెప్పూ వచ్చింది. ఒక్క ఆట అంటే ఎంతసేపు? అరగంట. ఆ లీవు ఇరవై రోజులు.

ఈ అనుభవం మీద మీకు మూడు మనవులు చేసి ముగిస్తాను.

ఒకటి. లీవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు మొదటి రోజునే పిల్లల మార్కులు ఇన్‌స్పెక్షన్ చెయ్యకండి. వాడు ఏ ఆట ఆడుతున్నాడో ఆ ఆట పక్కన కూర్చోండి. చేతకాకపోతే చచ్చిపోండి, వాళ్ళు నవ్వుతారు, మంచిదే. తర్వాత లెక్కల పుస్తకం తెరవమనండి, వింటాడు. ఆట మితిమీరితే ఆపాల్సిందే, నేను కాదనను. ఆపేముందు ఒకసారి చూడండి అంటున్నాను.

రెండు. అన్ని ఆటలూ కాంట్రాలు కావు. డబ్బు పెట్టి ఆడే ఆటలు వేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. పింఛను డబ్బు, పిల్లల ఫీజు డబ్బు అటువైపు పోకుండా చూసుకోండి. ఇది పిల్లలకే కాదు, మన వయసువాళ్ళకూ చెబుతున్నాను.

మూడు. చూసేవాళ్ళు రాసుకునే చోట అందరూ మనవాళ్ళు కారు. 2020 జులైలో ఆర్మీ 89 యాప్‌లను ఫోన్లనుంచి తీసెయ్యమన్నప్పుడు ఆ జాబితాలో పబ్జీ ఆట కూడా ఉంది. అందులో అర్థం ఉంది. యూనిట్ పేరు, చోటు, కదలిక రాయకూడదని మన పిల్లలకు మనమే చెప్పాలి. మా సిగ్నల్స్ వాళ్ళ మాట 'తీవ్ర చౌకస్'. తొందరగానూ చేరాలి, భద్రంగానూ చేరాలి. ఈ కాలం పిల్లలకు తొందర మనం నేర్పక్కర్లేదు. భద్రం నేర్పితే చాలు.

ఆ డబ్బా ఇప్పుడు ట్రంకులో లేదు. మోవాలో మా ముందు గదిలో టీవీ కింద ఉంది. వచ్చే సంక్రాంతికి మావాడు వస్తానన్నాడు. జలపాతం దాటడం ప్రాక్టీసు చేస్తున్నాను. ప్రస్తుతానికి రెండుసార్లలో ఒకసారి దాటుతున్నాను.